సంతకం పెట్టిన మర్నాడు

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మౌనవ్రతం అనేవాళ్లు. పదకొండేళ్లుగా ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి పనిచేస్తోంది. అవును, కాదు, సరే అన్న మూడు మాటలు తప్ప నాలుగో మాట ఆమె నోట విన్నవాళ్లు లేరు. అదే లాండ్రీ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న కోడలికి ఈ పేరు చెవిన పడ్డప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది.

కోడలు నోరున్న మనిషి. రెండేళ్ల వయసులో తల్లి చంకలో ఈ దేశానికి వచ్చింది. చదువూ సంధ్యా, మాటా మంచీ అన్నీ ఇక్కడే నేర్చుకుంది. బస్సు పావుగంట ఆలస్యమైతే బస్సు కంపెనీకి ఉత్తరం రాస్తుంది. లిఫ్టు ఆగిపోతే భవనం యజమానికి ఉత్తరం. బడిలో కూతురికి విరిగిన కుర్చీ వేశారని ఆ మధ్య హెడ్మాస్టరుకి రెండు ఉత్తరాలు రాసింది. ప్రతిదాని కిందా పేరూ సంతకమూ ఉండాల్సిందే. ఇక్కడి మనిషిగా బతకడమంటే అదేనని ఆమె నమ్మకం.

అత్తది పూర్తిగా వేరే తీరు. ఇంట్లో ఎవరైనా ప్రభుత్వం మాటెత్తితే చాలు, లేచి వెళ్లి కుళాయి తిప్పేది, నీళ్ల చప్పుడులో మాట బయటికి పోకుండా. ఎవరైనా తలుపు తడితే చేతిలో ఉన్నది అక్కడే పెట్టేసి నిటారుగా నిలబడేది. వచ్చింది పాలవాడైనా అంతే. ఆమె పుట్టిన దేశాన్ని ఒక్క మనిషే ముప్ఫై నాలుగేళ్లు ఏలాడు. అతను పోయి తొమ్మిదేళ్లయింది. చచ్చినవాడికి కూడా ఇంత భయమేమిటని కోడలు భర్త దగ్గర విసుక్కునేది. తన చిన్నప్పుడే నాన్న పోయాడని తప్ప అతనికీ ఏమీ తెలియదు, తల్లి ఎప్పుడూ చెప్పలేదు.

లాండ్రీలో ఇస్త్రీ యంత్రమంటే మంచమంత పొడవున్న వేడి రోలరు. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని దానికి అందిస్తారు. రోలరు ముందు అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. పొరపాటున చెయ్యి లోపలికి పోబోతే ముందుగా దానికి తగులుతుంది. తగలగానే యంత్రం ఆగిపోవాలి.

ఫిర్యాదుల పెట్టె తెరిచే పని కోడలిదే. పేరు లేని కాగితాన్ని పట్టించుకోకూడదని నియమం. వరసగా రెండు వారాలు అందులో ఒకే మాట రాసిన చీటీలు వచ్చాయి, రెండో యంత్రం కడ్డీ పనిచేయడం లేదని. అక్షరాలు అడ్డదిడ్డంగా, పసిపిల్లలు రాసినట్టున్నాయి. పేరు మాత్రం లేదు. పేరు రాయడానికేం రోగమో అనుకుని కోడలు రెంటినీ చెత్తబుట్టలో వేసింది.

మూడో వారం, అత్తకు జోడీగా పనిచేసే చిలక చెయ్యి కాలింది. ఆమెను చిలక అనేది ఎడతెరిపి లేకుండా మాట్లాడుతుందని. రెండో యంత్రానికి దుప్పటి అందిస్తుంటే చెయ్యి కడ్డీకి తగిలింది, యంత్రం మాత్రం ఆగలేదు. రెండో కొస పట్టుకున్న అత్త పరుగున వెళ్లి మీట కిందికి లాగబట్టి మూడు వేళ్లు బొబ్బలెక్కడంతో పోయింది. మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు యంత్రాన్ని పరీక్షించాడు. కడ్డీ బ్రహ్మాండంగా పనిచేసింది. కబుర్లలో పడి చెయ్యి కాల్చుకుందని అతను రాసేశాడు. విచారణ శుక్రవారం. చిలక ఉద్యోగం పోయినట్టేనని అందరూ అనుకున్నారు. తాను చెత్తబుట్టలో వేసిన చీటీలు కోడలికి అప్పుడు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తను బతిమాలింది. కళ్లారా చూసిన మనిషి మీరొక్కరే, పేరుతో రాసిస్తే చిలక బయటపడుతుంది అంది. అత్త లేచి కుళాయి తిప్పింది. ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, ఇంటి చిరునామా కూడా ఉండాలా అని ఒక్కొక్కటే అడిగింది. కోడలు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ చేయరని నచ్చజెప్పింది. అత్త సరే అంది. కోడలు మాత్రం ఆశ వదులుకుంది. అత్త దేనికైనా సరే అనే అంటుంది.

గురువారం ఆఫీసు తెరిచేసరికి బల్ల మీద కాగితం ఉంది. పొందికైన గుండ్రటి అక్షరాలతో జరిగిందంతా వివరంగా రాసి ఉంది. ఆ రెండు చీటీలూ ఎడంచేత్తో రాసింది తానేనని కూడా ఉంది. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, సంతకం, చిరునామా, ఆఖరికి ఎన్నో అంతస్తో కూడా. కోడలు సంతోషం పట్టలేక భర్తకు ఫోన్ చేసింది. మీ అమ్మ ఇన్నాళ్లకి ఈ దేశపు మనిషైందని చెప్పింది.

శుక్రవారం పొద్దున్నే అత్త ఇల్లంతా తడిగుడ్డ పెట్టి తుడిచింది. మనవరాలికి నిదానంగా, చిక్కులన్నీ తీసి జడ వేసింది. పిల్ల దగ్గుమందు ఏ అరలో ఉందో, చలికోట్లు ఏ పెట్టెలో ఉన్నాయో కోడలికి రెండుసార్లు చెప్పింది. పనికి బయల్దేరుతున్న కొడుకుని ఆపి తల నిమిరింది. తర్వాత ఒక గుడ్డసంచి భుజాన వేసుకుంది. సంచిలో ఏమిటని అడిగితే ఏం లేదులే అంది. విచారణ హడావుడిలో ఉన్న కోడలు మళ్లీ అడగలేదు.

విచారణ గదిలో మేనేజరమ్మ, సూపర్‌వైజరు, చేతికి కట్టుతో చిలక ఉన్నారు. అన్ని మాటలూ రాసుకోవడానికి కోడలు ఒక మూల కూర్చుంది. అత్త సంచితోనే లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అయినా మాటలో తడబాటు లేదు. చెయ్యి కడ్డీకి తగలడం, యంత్రం ఆగకపోవడం తన కళ్లతో చూశానంది. తాను స్వయంగా పరీక్షించానని సూపర్‌వైజరు అడ్డం తగిలాడు.

అత్త అతని వైపు తిరిగింది. “మీరు పొద్దున్నే చూశారు, యంత్రం చల్లగా ఉన్నప్పుడు. రెండు గంటలు నడిచి వేడెక్కితే కడ్డీ ఎడం కొసన పట్టేస్తుంది. ఇప్పుడు రండి, చూపిస్తాను.”

అందరూ ఆమె వెనకే నడిచారు. అత్త నేల తుడిచే కర్ర తీసుకుని కడ్డీని ఎడం కొసన నెట్టింది. రోలరు ఆగలేదు. కర్ర లోపలికి పోయి ఫటేలున విరిగింది. మేనేజరమ్మ యంత్రాన్ని అప్పటికప్పుడు ఆపించి తాళం వేయించింది. చిలకకు వేళ్లు మానేదాకా సెలవు, ఉద్యోగానికి ఢోకా లేదు. మేనేజరమ్మ అత్తతో చెయ్యి కలిపి కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయింది. చిలకకు జీవితంలో మొదటిసారి మాట రాలేదు. అత్తను కావలించుకుని ఏడ్చింది.

అందరూ పనుల్లో పడ్డా అత్త మాత్రం సంచి గుండెలకు హత్తుకుని అక్కడే నిలబడి ఉంది. కోడలు దగ్గరికి వెళ్లింది.

“వాళ్లెప్పుడొస్తారమ్మాయ్?” అని అడిగింది అత్త, మెల్లగా.

ఎవరని అడగబోయి కోడలు ఆగిపోయింది. అత్తను దిండు గలీబులు పెట్టే గదిలోకి తీసుకెళ్లి సంచి తెరిచింది. సబ్బు, తువ్వాలు, చెక్క చెంచా, మనవరాలి ఫొటో ఒకటి, రెండు జతల మందపాటి మేజోళ్లు.

“మీ మామయ్య పిల్లలకు పాఠాలు చెప్పేవారు,” అంది అత్త. ఈసారి తిప్పడానికి కుళాయి లేదు. “బడి పైకప్పు కారుతోందని రాసి, సంతకం పెట్టి పెట్టెలో వేశారు. నిర్భయంగా రాయండని పెట్టె మీదే రాసి ఉంది. మర్నాడే వాళ్లు ఆయన్ని తీసుకెళ్లడానికి వచ్చారు. పది నిమిషాల్లో పంపిస్తామన్నారు. గడ్డ కట్టే చలి. మేజోళ్లు కూడా వేసుకోనివ్వలేదు. ఆ తర్వాత ఆయన ఏమయ్యారో ఎవరూ చెప్పలేదు.”

కోడలు ఆ మేజోళ్లు చేతిలోకి తీసుకుంది. “ఇక్కడ ఏమీ కాదని చెప్పాను కదా అత్తయ్యా.”

“చెప్పావు. నేను నమ్మలేదు.”

“నమ్మకపోతే మరి సంతకం ఎందుకు పెట్టారు?”

ఇదేం ప్రశ్న అన్నట్టు అత్త ఆమె ముఖంలోకి చూసింది. “చిలక చెయ్యి కాలింది కదమ్మా.”

కోడలు ఇన్నేళ్లలో వందకు పైగా సంతకాలు పెట్టింది. ఒక్కదానికైనా రాత్రి నిద్ర చెడలేదు. తనది ధైర్యమనుకుని, అత్తది పిరికితనమనుకుని ఎన్నిసార్లు విసుక్కుందో తలుచుకుంటే సిగ్గుతో తల వాలిపోయింది. ఇంతటి మనిషి పక్కన పదకొండేళ్లు తిరిగి, గుర్తుపట్టలేకపోయింది.

ఆఫీసుకి తాళం వేసి వచ్చి, అత్తకు ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నమంతా ఇద్దరూ దుప్పట్లు మడత పెట్టారు. తలుపు చప్పుడైనప్పుడల్లా అత్త చెయ్యి ఆగేది. చక్రాల బండి తోసుకుంటూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు. పని ముగిసే సైరన్ మోగి, గేటు దాటి, బస్సెక్కి కూర్చుని, బస్సు కదిలాక గానీ అత్త ఆ సంచిని కోడలి చేతికివ్వలేదు.