గోడ మీద తప్పిపోయిన కొమ్ము

మా ఆయన పాస్టరు. ఆదివారం మా కొత్త మందిరంలో తొలి ఆరాధన. మేము నమ్మేవన్నీ వీధి గోడ మీద రాయించాం. చివరి వాక్యం "ఇక్కడ పాపులను చేర్చుకొందుము" అని ఉండాలి. పెయింటరు ఒక్క కొమ్ము మింగేసి "పాపలను" అని రాశాడు, అదీ బారెడు అక్షరాలతో.

తెల్లారేసరికి పిల్లల్ని చంకనేసుకుని తల్లులు గుమ్మం ముందు బారులు తీరారు. ఆదివారం కూడా ఫ్యాక్టరీలో డ్యూటీ అట. "ఉయ్యాలలు ఎక్కడండీ?" అంటూ ఒకావిడ తన కూతుర్ని నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండి పెయింటర్ని పిలిపించాను.

"కొమ్మేగా, పెట్టేస్తాలెండి" అని నిచ్చెనెక్కాడు.

"ముందు లోపలికొచ్చి చూడు నీ నిర్వాకం."

"తాగుబోతు వెధవని, నాకు లోపలేం పనమ్మా?"

అంతలో మా ఆయన చెరో భుజాన ఓ పసిబిడ్డతో, చొక్కా తడిసిపోయి, మొహం వెలిగిపోతూ బయటికొచ్చారు. "కొమ్ము పెట్టకు. పాపల్ని ఉండనీ. కింద ఇంకో మాట రాయి, 'పాపులను కూడా' అని."

పెయింటరు రాశాడు. రాసినదాన్ని చాలాసేపు చూశాడు. రంగు ఆరకముందే మందిరంలోకొచ్చి, నా చేతిలో పాప కోసం చేతులు చాచాడు.

"ముందు ఆ రంగు కడుక్కో" అన్నాను, పక్కకి జరిగి చోటిస్తూ.