శ్రీమతి 'క' గారి మారువేషం

మనస్తత్వశాస్త్ర విభాగాధిపతి గారు తరగతిలోకి రావడమంటే రాక కాదు, వేంచేయడం. ముందు ఆయన, వెనక ఫైలు, ఫైలు వెనక మంచినీళ్ళ సీసా, ఆ రెంటినీ మోస్తూ ఒక పరిశోధక విద్యార్థి. విద్యార్థులు చాటున ఆయన్ని మహర్షి అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందులోని వెటకారం మాత్రం, మనసుల అట్టడుగు దాకా చూడగల ఆ మహానుభావుడికి ఇరవై ఏళ్ళుగా కనబడలేదు.

ఆనాటి పాఠం వృత్తి ధర్మం. "మనల్ని నమ్మి చెప్పిన మాట మన దగ్గరే సమాధి అయిపోవాలి," అని సెలవిచ్చి, ఆ వెంటనే ఫైలు తెరిచి ఒక సమాధిని తవ్వడం మొదలుపెట్టారు.

"ఈమె శ్రీమతి క. పేరు మార్చాను, రెండేళ్ళు వయసు పెంచాను, బ్యాంకు ఉద్యోగం ఇప్పించాను. ఇక సొంత మొగుడు కూడా గుర్తుపట్టలేడు!"

తరగతి గొల్లుమంది. మూడో బెంచిలోని అమ్మాయి కూడా నవ్వింది.

"ఈమె ఇంటికి తాళం వేసి రెండంతస్తులు దిగుతుంది. స్టవ్ ఆపానా లేదా అని మళ్ళీ ఎక్కుతుంది. చూసొచ్చిన ప్రతిసారీ ఎడమచేతి వెనక పెన్నుతో ఒక చుక్క. ఆఫీసు చేరేసరికి అయిదారు చుక్కలు!"

మూడో బెంచి నవ్వు సగంలో తెగిపోయింది. చిన్నప్పుడు సాయంత్రాలు తల్లి ఒళ్ళో కూర్చుని ఆ చుక్కల్ని గీతలతో కలిపి చేపలు చేసిన పిల్ల తను. తల్లి తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేస్తుంది. మూడేళ్ళ కిందట ఇదే కాలేజీ క్లినిక్కుకు ఆర్నెల్లు తిరిగింది, చుక్కలు తగ్గాయి. ఆ అద్భుతం చూశాకే కూతురు ఈ చదువులో చేరింది.

"అసలు మూలం ఇక్కడుంది," మహర్షి గొంతు తగ్గించారు. "కూతురు పుట్టాక మూడు నెలలు ఆ పిల్ల మీద ప్రేమే కలగలేదట. 'దీన్ని ఎవరైనా తీసుకుపోతే బాగుండు' అనుకునేదట."

"అదేం తల్లిరా బాబూ!" అంది వెనక బెంచి. మహర్షి మందలించలేదు, మందహాసం చేశారు. "రెండు పేజీల విశ్లేషణ రాసుకురండి. నా పాఠ్యగ్రంథంలో ఇది నాలుగో అధ్యాయం. వచ్చే వారం అచ్చుకు వెళ్తోంది."

గంట కొట్టగానే ఆ అమ్మాయి ఆయన గదికి వెళ్ళింది. గోడ నిండా సన్మాన పత్రాలు. కిటికీకి చోటెలా దొరికిందో!

"సార్, ఆమె అనుమతి తీసుకున్నారా?"

"పేరు మార్చాక అనుమతి ఎందుకమ్మా? ఎవరు గుర్తుపడతారు?"

"నేను గుర్తుపట్టాను. ఆ కూతుర్ని నేనే."

మామూలు మనిషయితే 'తప్పయింది' అనేవాడు. అంత చవక మాట ఆయన హోదాకు చాలదు. మెల్లగా నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని కలం మూత తీశారు.

"కూర్చోమ్మా. వినగానే మొట్టమొదట నీకేమనిపించింది?"

ఆమెకు ఒళ్ళు మండింది. "ముందు ఆ కలం మూసేయండి సార్."

"చూశావా, దీన్ని మా శాస్త్రంలో ప్రతిఘటన అంటాం."

"మా ఇంట్లో కోపం అంటాం సార్."

"ఆవేశపడకు. వేలమంది విద్యార్థులకు పనికొచ్చే విజ్ఞానం ఇది."

"మా అమ్మ మీ దగ్గరికి విజ్ఞానం పంచడానికి రాలేదు. బతకలేక వచ్చింది."

మహర్షి కలం మూశారు. "ఈ ఏడాది ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసేది నేనేనమ్మా," అన్నారు, వాతావరణం గురించి చెప్పినంత ప్రశాంతంగా.

ఆమె తిన్నగా వృత్తి ధర్మ సంఘం గదికి నడిచింది. గుమస్తా ఫారం ఇచ్చి, "ఫిర్యాదు మీరు చేస్తే చెల్లదమ్మా. వైద్యానికి వచ్చినావిడే సంతకం పెట్టాలి," అన్నాడు.

బస్సులో ఆ ఫారం ఒళ్ళో బండరాయిలా కూర్చుంది. నోరు మూసుకుంటే ఊరూ పేరూ తెలియని వేలమంది తల్లి గుండెను బల్ల మీద పెట్టి కోస్తారు. నోరు విప్పితే, ఏ మాట కూతురి చెవిన పడకూడదని తల్లి ఇన్నేళ్ళు కాపలా కాసిందో ఆ మాట పడిందని ఆమెకు తెలిసిపోతుంది.

ఇంటికి వెళ్ళి, నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేసింది.

తల్లి వెళ్ళి స్టవ్ ఆపి వచ్చింది. "ఆ మూడు నెలల సంగతి కూడా చదివాడా?"

"చదివారమ్మా."

"ఎంతమంది ఉన్నారు?"

"అరవై మంది."

తల్లి ముఖం జేవురించింది. "ఆ మాట ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగానో తెలుసుటే నీకు? రేపు నువ్వూ ఒక బిడ్డను కంటే, నీకూ అలాగే అయితే, భయపడకే, నాకూ అయింది, నాలుగో నెలలో నిన్ను కింద పెడితే ఒట్టు అని చెబుదామని దాచుకున్నాను. అది నీకు నేను చెప్పుకోవాల్సిన మాట! ఎత్తుకుపోయి సంతలో పెట్టడానికి ఆ పెద్దమనిషి ఎవడు?"

ఫారం లాక్కుని సంతకం పెట్టింది.

"తెల్ల కాగితం ఒకటివ్వు."

"ఇంకా ఎందుకమ్మా?"

"ఆ పుస్తకం అచ్చేసే వాళ్ళ చిరునామా కనుక్కో. నేను రాస్తాను."