ముక్కల ఆకాశం

బస్టాండు గోడ బొమ్మ మీద ముసుగు తీయడం రేపనగా దానికి రంగులేసిన పన్నెండుమంది ఆడవాళ్ళూ గుడ్డ అంచు ఎత్తి చూశారు. కుడి మూలన అరచేతంత అక్షరాలతో బొమ్మ గీసిన మాస్టారి పేరుంది. దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో "సహకారం: మహిళా బృందం" అని ఉంది. పన్నెండు పేర్లూ రాస్తామన్న చోట తెల్లరంగు పూసి ఉంది.

"కళ్ళద్దాలు పెట్టుకుని చూడండే, మన పేర్లు ఏ మూలైనా నక్కాయేమో" అంది వాళ్ళందరికీ పెద్దదైన పెద్దక్క. ఎవరికీ నవ్వు రాలేదు.

అసలు సంగతి చెబుతా వినండి. గోడ పని కాంట్రాక్టరుది, గీత మాస్టారిది, రంగు పెయింటర్ల సంఘానిది. ఆ సంఘంలో ఆడవాళ్ళు పన్నెండుమంది. ఆడవాళ్ళు పరంజా ఎక్కకూడదని కాంట్రాక్టరు రూలు. కాలు జారితే పూచీ ఎవరిదంటాడు. మగవాడి కాలు జారదు కాబోలు! పైగా పొద్దుగూకేసరికి వాళ్ళు ఇంటికి పోవాలి, వండాలి, పిల్లల్ని చూసుకోవాలి. అందుకని వాళ్ళ వాటా బొమ్మని చెక్క పలకల మీద ఇంట్లోనే వేయించారు. పలక కొలత తేల్చింది వంటింట్లో పొయ్యిగట్టుకీ తలుపుకీ మధ్య ఉన్న జాగా. రెండడుగులు, అంతకు మించి పట్టదు. ఒక చేత గరిటె, ఒక చేత కుంచె. తర్వాత ఆ పలకల్ని గోడ మీది ఇనప చట్రానికి మరలతో బిగించేది మగవాళ్ళు.

బొమ్మలో మనుషుల ముఖాలు మాస్టారే వేసుకున్నాడు. ఆకాశం ఆడవాళ్ళకి వదిలేశాడు, అందులో పనేముందని. తీరా పలకలు పక్కపక్కన పేర్చి చూస్తే ఆకాశం అతుకులబొంతలా తేలింది. పసుపు బల్బు కింద కలిపిన నీలం పగటి వెలుగులో ముదిరిపోయింది. కిటికీ ఉన్న వంటింటి నీలం లేతగా ఉంది. "ఇంటిపనీ బొమ్మపనీ కలిపి చేస్తే ఇలాగే ఏడుస్తుంది" అని మాస్టారు అందరి ముందూ కడిగేశాడు. మళ్ళీ వేయించే వ్యవధి లేక అలాగే బిగించారు.

చెల్లెమ్మ మాత్రం ఆ ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయింది. సంఘం కార్యదర్శికి చెల్లెలు కాబట్టి అందరూ ఆమెనలాగే పిలుస్తారు. ఏ నీలం ఎవరి వంటింటిదో ఆమెకి తెలుసు. తప్పో ఒప్పో గానీ, అది తమ ఆకాశం. దాని కింద తమ పేర్లుండాలని ఆమె గట్టిగా కోరుకుంది. ఆమెకి కుంచె పట్టడం నేర్పిన అన్నయ్యే మాటిచ్చాడు. "పన్నెండు పేర్లూ రాయిస్తా. నా మీద నమ్మకం లేదటే?" అన్నాడు. లేకపోవడమేం, దేవుడి మీద కంటే ఎక్కువే ఉండేది.

గోడ దగ్గర్నించి పన్నెండుమందీ సరాసరి సంఘం ఆఫీసుకి నడిచారు. లోపల పెయింటర్లు టీ తాగుతున్నారు.

"అన్నయ్యా, మా పేర్లేవి?"

"ముందు కూర్చోండమ్మా. ఆవేశపడితే పనులు కావు."

"కూర్చోం. పేర్లేవి?"

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "మార్కెట్ గోడ పని కూడా మనకే వస్తోంది. ఏడాది పొడుగునా పని! కాంట్రాక్టరు ఒక్కటే అడిగాడు, మీ పేర్లు వద్దని. బొమ్మ కింద పన్నెండు ఆడపేర్లుంటే విలువ పడిపోతుందట. ముందు కార్మికుల కూడు సంగతి తేలనీ, పేర్ల సంగతి తర్వాత చూద్దాం."

"ఆ మార్కెట్ గోడ పనిలో మేమున్నామా?" అంది పెద్దక్క.

అందరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. "అదంతా పరంజా పనక్కా. మీకు కుదరదు కదా" అన్నాడొక పెయింటరు.

"కార్మికులంటే ఎవర్రా? మీరేనా?" అని పెద్దక్క గద్దించింది.

"ఒప్పుకుంటూ సంతకం పెట్టిందెవరు?" అని చెల్లెమ్మ అడిగింది.

"కార్యదర్శిని కదా, నేనే పెట్టాను."

కంచే చేను మేసింది. కాంట్రాక్టరు మోసం చేస్తే ఆమెకి కోపమొచ్చేది, అంతే. కానీ తనకి గీత దిద్దించిన చెయ్యే ఆ సంతకం పెట్టింది. ఆమె గిర్రున తిరిగి బయటికొచ్చేసింది.

"పోనీలే, గొడవెందుకు, ఇంట్లో చంపేస్తారు" అని ఇద్దరు ముగ్గురు దారిలో గునిశారు. "మీ పలక మీరు తెచ్చుకుంటే గొడవేంటే? వాళ్ళ ముఖాలు వాళ్ళకే ఉంచుదాం" అంది పెద్దక్క. ఆ మాట అందరికీ నచ్చింది.

మర్నాడు పొద్దున బస్టాండు కిటకిటలాడుతోంది. ముసుగు తీశారు. మాస్టారు మైకు అందుకున్నాడు. "ఆకాశం ఒకే రంగని మనం భ్రమపడతాం. నేను దాన్ని ముక్కలు చేశాను. ఈ విరిగిన నీలం నా కొత్త పోకడ!" చప్పట్లు మోగాయి.

"వీడి దుంప తెగ! మనల్ని తిట్టిన తప్పుని తనదిగా మింగేశాడే!" అని పెద్దక్క కొంగు నడుముకి దోపి, ముసుగు కట్టడానికి తెచ్చిన నిచ్చెన ఎక్కేసింది. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "జారితే పూచీ నాదేలేవయ్యా, పక్కకి జరుగు" అంది పైనుంచి.

పెద్దక్క రొంటిన దోపుకొచ్చిన స్క్రూడ్రైవరు తీసి మరలు విప్పింది. చెల్లెమ్మ పలక అందుకుంది. ఆకాశం ఒక్కో ముక్కే కిందికి దిగుతోంది. బస్సులకోసం నిలబడ్డవాళ్ళు బస్సులు వదిలేసి చూస్తున్నారు. "ఇవి ఎవరివమ్మా?" అని ఊడ్చే ఆవిడ అడిగింది. "మేం వేసినవి" అంది చెల్లెమ్మ. ఆవిడ చీపురు పక్కన పడేసి నిచ్చెన కాలు పట్టుకుంది.

అన్నయ్య అడ్డమొచ్చాడు. "సంఘం పరువు తీయకే!"

"నువ్వు ఆ సంతకం పెట్టాక ఇంకా మిగిలిందా అన్నయ్యా?"

పోలీసులు వచ్చేసరికి మాస్టారు వేసిన ముఖాల పైన ఆకాశం లేదు, ఇనప చట్రం ఉంది. దొంగతనం కేసు పెట్టి పన్నెండుమందినీ వ్యానెక్కించారు.

సాయంత్రం అన్నయ్య స్టేషనుకి ఒక కాగితం పట్టుకొచ్చాడు. "పొరపాటైందని సంతకం పెట్టవే. నిన్ను ఇప్పుడే వదిలేస్తారు. అమ్మ ఏడుస్తోంది."

"మరి వీళ్ళు?"

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

మళ్ళీ తర్వాత! చెల్లెమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె దాచుకోలేదు. "ఒక్కరినే వదులుతామంటే ఒక్కరూ కదలొద్దని సంఘం సమ్మెల్లో నువ్వే చెప్పేవాడివి. మేం నమ్మేశాం అన్నయ్యా. చెప్పిన నువ్వే నమ్మలేదు."

ఆమె వెనక్కెళ్ళి పెద్దక్క పక్కన కూర్చుంది. అన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారి మొదలవ్వాల్సిన మార్కెట్ గోడ పని మొదలు కాలేదు. మొన్న టీ గ్లాసుల్లోకి చూసుకున్న పెయింటర్లలో ఐదుగురు వచ్చి స్టేషను మెట్ల మీద బైఠాయించి, పన్నెండుమందినీ వదలాలని నినాదాలు అందుకున్నారు. బస్టాండు ఊడ్చే ఆడవాళ్ళు వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చున్నారు. చెల్లెమ్మ ఊచల సందులోంచి ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది. అన్నయ్య వాళ్ళలో లేడు.

"ఎవరికోసమే చూస్తున్నావు?" అంది పెద్దక్క.

"ఎవరికోసమూ కాదు. పద, నినాదం అందుకుందాం" అంది చెల్లెమ్మ.