మోమో రాజు ముఖం

పరశురాంకు ఏ పండగైనా ముందు బట్టగానే కనిపిస్తుంది. గల్ఫ్‌లో, ఫహాహీల్ సందులో ఉన్న అతని టైలర్ షాపులో ఫిబ్రవరి అంటే ఇక్కడి జాతీయ దినానికి జెండా రంగుల గౌన్లు, ఈస్టర్ అంటే తెల్ల ఫ్రాకులు. ఏ పండగ ఎవరిదో, దాని వెనక ఏదొస్తుందో తెలిస్తేనే బట్ట మిగిలిపోకుండా బేరం సాగుతుందని అతని నమ్మకం.

అలాంటివాడి ముందు ఆ శనివారం పొద్దున సువార్త అడ్డం తిరిగింది. భీమవరం వైపు మనిషి, షాపులో మంచి చేయి ఆమెదే.

"నేనీ ముఖం కుట్టనండీ."

ముఖం గోవా వాళ్ల కార్నివాల్‌కు. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలకు ముందు వాళ్లు ఆటపాటల్లో మునుగుతారు, మోమో అనే వేషగాడు ఆ నాలుగు రోజులూ రాజు. సాయంత్రం హాలులో అతను దిగాలి. ఎర్ర అంగీ, కిరీటం తయారు. గుడ్డ ముసుగు ఒక్కటే మిగిలింది.

"మొన్నటిదాంక మంచిగనే కుట్టినవ్ గదమ్మా?"

"మొన్న తెలీదండి. నిన్న శుక్రవారం ఆరాధనలో పాస్టరు గారు చెప్పారు. అన్యుల పండగంట. మోమో అంటే గ్రీకుల పాత దేవుడంట. శ్రమదినాల ఉపవాసాల ముందు విగ్రహానికి మొహం కుట్టమంటారా నన్ను?"

బలవంతపెడితే సువార్త పని మానేసి పోతుంది. పని ఆగితే గోవా వాళ్ల పెళ్లి గౌన్లన్నీ పక్క షాపుకు పోతాయి. రెండూ నష్టమే. అయినా పరశురాంకు కోపం కన్నా ముందు ఆరా తీయాలనిపించింది.

అంగీ తీసుకెళ్లడానికి వచ్చిన గోవా ఆవిడ ఎస్పెరాన్సాను హిందీలో అడిగేశాడు. "ఆంటీ, ఈ పండగ చర్చిదా, అంతకు ముందుదా?"

"రెండూ, భాయ్," అని నవ్విందామె. "ఉపవాసం చర్చి పెట్టింది. మాంసం మానాలంటే ఇంట్లో ఉన్నది ముందే తినెయ్యాలి కదా! ఈ వేషాలూ గోలా మాత్రం ఇంకా పాతవంటారు. చలికాలాన్ని తరిమేవాళ్లట, నౌకరు యజమాని వేషం కట్టేవాడట. చర్చి మాన్పించలేక, ఉపవాసం మొదలయ్యే బుధవారం నుదుట బూడిద పెట్టి ఇక చాలంది."

"మరి మోమో?"

"ఒకప్పుడు వెక్కిరింపుల దేవుడు. ఇప్పుడు మా బేకరీ పెద్రో! తినండి, తాగండి అని ఆజ్ఞ ఇస్తాడు. తాగేది ఇక్కడ లబన్ మజ్జిగే అనుకో."

ఆమె వెళ్లాక పరశురాం ఆలోచనలో పడ్డాడు. జగిత్యాలలో శ్రావణం ముందు ఆదివారం కోళ్లు మిగలవు. తనకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో రంజాన్ ముందు రోజు గ్రేష్ అని వంటింట్లో ఉన్నదంతా వండి చుట్టాలను పిలుస్తారు. చిన్నప్పుడు కాముని పున్నానికి తనూ మొహానికి మసి పూసుకుని, జాజిరి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగాడు. వీళ్లలో ఎవరూ ఎవరి దగ్గరా కొనలేదు, సరుకు మాత్రం ఒక్కటే!

అదే సువార్తకు చెప్పాడు.

"అయితే మీరే కుట్టుకోండి."

కుట్టాడు. మధ్యాహ్నానికి బల్ల మీద పసుపుపచ్చ మొహం, గుడ్లురిమే కళ్లు, మెలితిరిగిన మీసం, నుదుటన ఎర్రటి బొట్టు వెలిశాయి. మోమోను కుట్టబోయిన చేతులు పోతరాజును కుట్టేశాయి.

సువార్త నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏంటండీ బాబూ ఇది! జాతరకా?"

"పాత దేవుడే గదా, ఏ ఊరి పాతదైతే ఏంది?"

"చర్చికెళ్లేవోళ్లండీ వాళ్లు! ఈ బొట్టు చూస్తే ఆంటీ మళ్లీ మన గుమ్మం తొక్కుతుందా?" చటుక్కున కత్తెర అందుకుని బొట్టు విప్పేసింది. తర్వాత వంకర మీసం ఆమె కంటికి నచ్చలేదు. "లోపల ఉండేది బేకరీ ఆయనేగా?"

"అవునమ్మా, పెద్రో. రొట్టెలు చేస్తడు."

"మనిషికైతే సరేలెండి."

సూదిలో దారం ఎక్కించింది. మీసం సరిచేసింది, కళ్లు మాత్రం ముట్టుకోలేదు. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "మీ కాముణ్ణి ఆఖర్న ఏం చేస్తారండి?"

"కాలవెడ్తం. ఆ బూడిద నుదుటికి పెట్టుకుంటం."

సూది ఆగింది. సువార్త తల ఎత్తి అతని నుదుటి వైపు చూసింది.

"ఆంటీ వాళ్లదీ బుధవారం బూడిదేగా!" అని, మళ్లీ కుట్టసాగింది.