పంతొమ్మిది గుండ్లు, ఒక జడ

అరెకీపా పట్నంలో సర్కారు యూనివర్సిటీ ఫలితాలు రేడియోలో చదువుతున్నప్పుడు ఫిదెలీనో అపాసా తన సెలూన్‌లో ఒకాయనకు సగం గడ్డం గీసి ఉన్నాడు. "లా కోర్సు, అపాసా రోస్‌మెరీ" అని కూతురి పేరు వినపడగానే కత్తి పక్కన పడేసి, మిషను అందుకుని, తన నెత్తినే నున్నగా గొరిగేసుకున్నాడు. సగం గడ్డం ఆసామికి మిగతా సగం గురించి అడిగే ధైర్యం చాలలేదు.

సర్కారు యూనివర్సిటీలో సీటొస్తే గుండు కొట్టించుకోవాల్సిందే, అది అక్కడి ఆచారం. ఆడపిల్లకైతే జడ కొస మాత్రం కత్తిరించి, గుండు ఇంట్లో మగవాళ్లు కొట్టించుకుంటారు. ఆ రోజు వ్యవహారం ఇంటితో ఆగలేదు. వీధి వీధంతా వరస కట్టింది. ఎందుకు కట్టదు? అక్కడ ప్రతివాడికీ ఒక కోర్టు కేసుంది, ఒక్కడికీ లాయరు లేడు. బేకరీ పోలికార్పో అరవయ్యేళ్ల పెళ్లికొడుకు. వచ్చే నెల పెళ్లి కోసం నల్లరంగేసి జుట్టు పెంచుకుంటున్నవాడు కాస్తా, తమ్ముడితో గోడ తగాదా గుర్తొచ్చి, కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రానికి మొత్తం పంతొమ్మిది గుండ్లు తేలాయి. ఒక కుక్కకి కూడా కొట్టారు. దానికేం కేసుందో ఎవరికీ తెలియదు.

రోస్‌మెరీ మాత్రం జడ ముట్టుకోనివ్వలేదు. "రేపు చూద్దాంలే నాన్నా" అంది.

మర్నాడు రాజధాని లీమా నుంచి కబురొచ్చింది. గొప్పింటి పిల్లలు చదివే ప్రైవేటు యూనివర్సిటీలో రోస్‌మెరీకి సీటొచ్చిందని. సముద్రజీవుల చదువట, ఖర్చంతా వాళ్లే భరిస్తారట.

"దరఖాస్తు ఎప్పుడు పెట్టావే?"

"నువ్వు లా అన్నావని ఆ పరీక్ష రాశాను. ఇది నాకోసం రాసుకున్నాను నాన్నా."

చిన్నప్పుడు బజారుకి తీసుకెళితే ఈ పిల్ల బొమ్మల కొట్టు దాటిపోయి, చేపల బల్ల ముందు కూలబడి ఒక్కొక్క చేప పేరూ అడిగేది. ఫిదెలీనో అదంతా పిల్లచేష్ట అనుకుని నవ్వుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

రెండు చోట్లా చేరడానికి గడువు శుక్రవారం మధ్యాహ్నం. గురువారం పొద్దున్నే గుండ్లన్నీ సెలూన్ ముందు చేరాయి. ఆ మెరుపుకి బస్సు డ్రైవరు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ మలుపు తిప్పాడు.

"చేపలకి కోర్టు కేసులుంటాయా అమ్మాయ్?" అన్నాడొకడు.

"జుట్టు మొలిచాకే పెళ్లంటోంది ఎల్విరా!" పోలికార్పో నెత్తి తడుముకున్నాడు. "ఇదంతా ఎవరికోసం?"

"నేను కొట్టించుకోమన్నానా మావయ్యా?"

"అడక్కుండానే ఇచ్చాం చూడు, అదీ మా బుద్ధితక్కువ!"

"పోనీ, మూడు రోజులు ఇక్కడ లా, మూడు రోజులు అక్కడ చేపలు" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"లీమాకి బస్సులో పదహారు గంటలు."

"బస్సులో పడుకుంటుంది. చిన్నపిల్లేగా!"

రోస్‌మెరీ ఆ తలల్ని ఒక్కొక్కటే చూసింది. పుట్టినప్పటినుంచీ తనకు వేడి రొట్టె చేతిలో పెట్టినవాళ్లు, సైకిలు నేర్పినవాళ్లు. "సరే, లాయే చదువుతాను" అనేసి లోపలికి తిరిగింది. వీధి చప్పట్లు కొట్టింది. వాడిపోయిన ఆ పిల్ల మొహం అద్దంలో ఫిదెలీనోకి ఒక్కడికే కనపడింది.

"ఆగండి" అన్నాడు. "మీ గుండ్లకీ మా అమ్మాయికీ సంబంధం లేదు. వారం నుంచీ నా దువ్వెనల్లో పేలు. చెప్తే కొట్టు మూసుకోవాలి. ఆ రోజు సందు దొరికింది, అందరికీ గొరిగేశాను."

వెంటనే పంతొమ్మిది చేతులు పంతొమ్మిది గుండ్లను బరబరా గోకాయి. వాటిలో ఒకటి ఫిదెలీనోదే.

"థూ! నీ గడప తొక్కితే నా పేరు పోలికార్పో కాదు!"

తిట్లన్నీ ఫిదెలీనోకే. రోస్‌మెరీ వైపు ఎవరూ చూడనైనా లేదు.

వీధి ఖాళీ అయ్యాక రోస్‌మెరీ అంది: "దువ్వెనలు రోజూ స్పిరిట్‌తో కడిగేది నేనే కదా నాన్నా. పేలెక్కడివి?"

"ఆ సంగతి వాళ్లకి తెలియదుగా. పో, లీమాకి వస్తానని చెప్పు."

మూడు వారాలు సెలూన్‌లో ఈగ కూడా వాలలేదు. ఫిదెలీనో కత్తెరలు నూరుకుంటూ, నూరినవే మళ్లీ నూరుకుంటూ కూర్చున్నాడు. ప్రయాణం రోజు, జనమంతా రొట్టెల కోసం బేకరీ ముందు నిలబడ్డ వేళ, రోస్‌మెరీ తలుపులు బార్లా తెరిచి కుర్చీలో కూర్చుంది.

"జడ కొయ్యి నాన్నా. కొస కాదు, మెడ దాకా. ఆ పెద్ద దువ్వెనతోనే దువ్వు."

"ప్రైవేటు వాళ్లకి ఈ ఆచారం లేదుగా తల్లీ."

"మనకుందిగా."

అందరూ చూస్తుండగా ఫిదెలీనో కూతురి తల దువ్వాడు. బేకరీ ముందు తలలన్నీ ఇటు తిరిగాయి. పిండి చేతులు దులుపుకుంటూ పోలికార్పో వచ్చి గడపలో నిలబడ్డాడు. ఆ దువ్వెననీ, ఆ పిల్ల జుట్టునీ చాలాసేపు చూశాడు.

"పేలున్న దువ్వెనైతే కన్నకూతురి తల్లో పెడతావట్రా, అబద్ధాలకోరా!" అని లోపలికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. "నా గోడ సంగతి తర్వాత తేలుద్దాం. దీనిదవగానే నా చెవుల పక్కన సరిచెయ్యి, పెళ్లికి ఎల్విరా ఒప్పుకుంది."

ఫిదెలీనో తలూపాడు. కళ్లలో నీళ్లు నిండి ఆయనకు కత్తెర కనపడలేదు. సగం కోసిన జడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.