గొంతు రాని కంప్యూటర్

శకుంతల కళ్ళకు వచ్చింది నీటికాసుల జబ్బని (గ్లకోమా) తేలేసరికే ఒక కంటిచూపు దాదాపు పోయింది. "పోయింది మళ్ళ రాదమ్మా. ఉన్నదాన్ని ఎన్నాళ్ళు నిలుపుకోగలమో చూద్దాం" అన్నాడు డాక్టరు, చుక్కల మందు రాసిస్తూ. ఆమె సంగారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. ఇంటికి వచ్చే బస్సులో భర్తను ఒక్కటే మాట అడిగింది.

"ఇగ నేను చదువుడెట్ల?"

విశ్వేశ్వర్ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. తెర మీది తెలుగును పైకి చదివే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాదులో చూపులేనివాళ్ళ సంఘం ఒకటి ఉచితంగా ఇస్తోందని ఎవరో చెబితే, సెలవు పెట్టి వెళ్ళి సీడీ తెచ్చాడు. పాత కంప్యూటర్ ఒకటి కొని పోతిరెడ్డిపల్లిలోని తమ ఇంట్లో ముందుగదిలో పెట్టి, దాంట్లో ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు.

"రేపటికల్లా నీతో మాట్లాడుతది, సూడు" అన్నాడు.

మాట్లాడలేదు. సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టు సగం దాకా నడిచి ఆగిపోయింది. ఫలానా ఫైలు దొరకలేదని తెర మీద ఒక్క లైను. ఆ సాఫ్ట్‌వేర్ పనిచెయ్యాలంటే శబ్దానికి సంబంధించిన ఇంకో ప్యాకేజీ ముందే ఉండాలి. తయారుచేసినవాళ్ళ కంప్యూటర్లలో అది ఎప్పటినుంచో ఉంది. అది లేని ఇల్లు ఒకటుంటుందని వాళ్ళకు తట్టలేదు.

ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మర్నాడు డ్యూటీ దిగి, సంగారెడ్డి నెట్ సెంటర్‌లో కూర్చుని ఆ ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లోకి దించుకొచ్చాడు. ఎక్కించబోతే దానికి మరొకటి కావాలంది. అది తెస్తే, ఇది మరీ కొత్తది, పాతదే కావాలంది. పాతది పెడితే అంతకుముందు ఎక్కినది చెడిపోయింది. ఇట్లాగే వానాకాలం గడిచింది. అతను రోజూ చీకటిపడ్డాక వచ్చి, చెప్పులు విడిచి నేరుగా కంప్యూటర్ ముందుకు వెళ్ళేవాడు. శకుంతల వెనక మంచం మీద కూర్చుని, పిల్లల కాపీలు కళ్ళకు ఆనించుకుని దిద్దుకునేది.

"సింగూరు డ్యాము గేట్లు ఎత్తిన్రంట. ఆదివారం పోయి సూసొద్దామా?" అని ఒకసారి అడిగింది.

"ఇదొక్కటి ఎక్కనీ. తర్వాత యాడికంటె ఆడికి పోదాం" అన్నాడు అతను తల తిప్పకుండానే.

అర్ధసంవత్సర పరీక్షలయ్యాక శకుంతల బడి మానేసింది. ఒక పిల్లవాడి జవాబుకు రెండుసార్లు మార్కులు వేసిందట. "బడోళ్ళు ఏమనలేదు. నాకే సిగ్గయింది" అంది. ఆ మాటకు విశ్వేశ్వర్‌లో పంతం ఇంకా పెరిగింది. లేనివాటి కోసం ఒక్కొక్కటిగా తిరగడం మాని, స్క్రిప్టునే మొదటినుంచి తిరగరాశాడు. ముందు కంప్యూటర్‌లో ఏమున్నాయో, ఏం లేవో అది చూసుకోవాలి. లేనివన్నీ ఒకేసారి చెప్పాలి. వాటిని, అన్నీ చేర్చి తను కొత్తగా చేసిన సీడీలోంచే తీసుకుని, దేని తర్వాత ఏది ఎక్కాలో ఆ వరుసలో ఎక్కించాలి.

ఎండలు ముదురుతున్న ఒక సాయంత్రం స్క్రిప్టు ఎక్కడా ఆగలేదు. స్పీకర్లు ఒకసారి గరగరమన్నాయి.

"న-మ-స్కా-రం" అంది కంప్యూటర్, ఎత్తుపల్లాలు లేని గొంతుతో.

"శకుంతలా! విన్నవా?"

గోడ పట్టుకుంటూ వంటింట్లోంచి వచ్చింది శకుంతల. నవ్వుతోంది. కానీ ఆ నవ్వు అతని వైపు కాదు, అతని పక్కనున్న కిటికీ వైపు ఉంది. విశ్వేశ్వర్ లేచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె కళ్ళు కదలలేదు.

"ఎప్పట్నించి?"

"శివరాత్రి ముందట్నించే. వెలుగు తెలుస్తది, అంతే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీరు ఇంకింత పరేషానయితరు. ఇంకింత దాన్నే పట్టుకొని కూసుంటరు." తడుముకుని మంచం మీద కూర్చుంది. "మీ మీద కోపం లేదు నాకు. నా కోసమే జేసిన్రు. కాకపోతే చూపున్నన్ని దినాలు నాకు మీ వీపే కనవడ్డది."

అతను కింద, ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె అతని నుదురు, ముక్కు, గడ్డం వేళ్ళతో మెల్లగా తడిమింది. "చిక్కిపోయిన్రు" అంది.

తర్వాత ఆమె ఆ యంత్రానికి అలవాటుపడింది. 'ళ'ను 'ల' అంటోందని తిట్టుకుంటూనే కథలు వినేది. విశ్వేశ్వర్ స్క్రిప్టును సంఘానికి ఇస్తే వాళ్ళు అన్ని సీడీల్లోనూ చేర్చారు. సాయం కావాల్సినవాళ్ళ కోసం అతని ఫోన్ నంబరు కూడా వేశారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. జహీరాబాదు దగ్గరినుంచి చిన్నరాములట. కొత్తగా చూపు పోయిన మనిషి.

"సార్, మా చెల్లె సీడీ పెట్టింది. యాడ ఆగకుంట ఎక్కింది. ఇప్పుడు పేపరు ఇంటున్న సార్. ఇది జెయ్యనీకి మీకెన్ని దినాలు పట్టింది?"

విశ్వేశ్వర్ "ఎన్ని దినాలు పట్టిందని అడుగుతుండు, నువ్వే చెప్పు" అని ఫోను శకుంతల చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళాడు.

లోపల శకుంతల అంటోంది, "శానా దినాలే పట్టిందన్నా. అది సరేగని, మీ చెల్లె పక్కనే ఉన్నదా? ఆ కంప్యూటర్‌ను అట్ల పెట్టి, జెర ఆమెతోని కూసొని ముచ్చటపెట్టుండ్రి. పేపరు యాడికి పోదు."

విశ్వేశ్వర్ కుళాయి విప్పి, ముఖం కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.