పది అంగుళాల జాగా

ఈదులపేట కప్పు బజారులో తూర్పు చివరి కొట్టును ఉమాపతి గారు దాలమ్మకు దానంగా కట్టించి ఇచ్చారని పేటలో ఎవరినడిగినా చెబుతారు. చక్కని మాటే, కాని అది చెప్పేవాళ్ళలో ఒక్కరైనా ఆ కొట్టుకు ఇటుక మోసిన మనిషిని చూపించలేకపోయారు. దీనికి పోటీగా మరొక కథనం ఉంది. ఉమాపతి గారు ఆఖరిదాకా బిగుసుకుని కూర్చున్నారని, ఆయన వాటా కూడా బట్టల కొట్టు మహాలక్ష్మమ్మే నెత్తిన వేసుకుందని అది చెబుతుంది. ఇది మొదటిదానికంటే వినసొంపుగా ఉంటుంది, కనుక దీన్ని మరికాస్త ఎక్కువగా అనుమానించాలి.

ముందు నేల సంగతి. శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటి ఎచ్చెర్ల వైపు పోతూ ఉంటే, ఊరు అయిపోయిందంటూ రిక్షావాళ్ళు బేరం తిరగదోడే చోటు ఒకటి వస్తుంది. అదే ఈదులపేట. బజారు లేని రోజుల్లో అక్కడ శనివారం సంత జరిగేది. తెల్లవారేసరికి చోళ్ళ బస్తాలు, ఈతచాపలు, కుండలు, బుడగట్లపాలెం నుంచి ఎండుచేపల బుట్టలు దిగేవి. పొద్దెక్కేసరికి ఆశీలు వసూలు చేసే మనిషి వచ్చి ప్రతి బుట్ట దగ్గరా ఒకసారి పోట్లాడి వెళ్ళేవాడు.

ఆ సంతకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరినీ జాగా అడగరు. బుట్ట నెత్తిన పెట్టుకుని వరస ముందు నిలబడతారు, అంతే. వరసలో ఎవరో ఒకరు 'దించు' అనాలి. అన్న మనిషి తన గోనెను కాస్త ఇటు లాక్కుంటే, పక్క మనిషి మరికాస్త, ఆ పక్క మనిషి ఇంకాస్త, అలా వరస కొస వరకు జరుగుతారు. ఎవరైనా జరగనంటే బలవంతం లేదు. అయితే వాళ్ళ వాటా కూడా 'దించు' అన్న మనిషే జరగాలి. అందుకే ఆ మాట అనేముందు ఒకసారి వరసంతా కలయజూసుకునేవారు.

ఉమాపతి గారు రంగూనులో పెరిగారు. యుద్ధకాలంలో అక్కడినుంచి తిరిగివచ్చిన వర్తక కుటుంబాలలో వారిదొకటి. ఎండా వానా తగలకుండా ఉప్పు నుంచి పట్టుచీర దాకా ఒకే కప్పు కింద కొనుక్కునే బజారును ఆయన అక్కడ చూశారు, ఇక్కడ కట్టాలనుకున్నారు. ఊరి నడుమ స్థలం దొరకలేదు. సంత నేలలో ఒక పక్క దొరికింది. ఊరవతల కొట్లు పెడితే కాకులు వచ్చి కొంటాయా అని పెద్ద బజారు వర్తకులు నవ్వారు. ఆయన వాదించలేదు. 1967 దసరా నాటికి నూట పది అడుగుల పొడవున బంగళా పెంకు కప్పు లేచింది. దాని కింద పది అడుగులకొకటి చొప్పున పదకొండు కొట్లు, ముందు వరండా, వరండాలో కూర్చోవడానికి బల్లలు, చల్లని నీళ్ళ కుండ. గొడుగు మూసుకుని నడుస్తూ సరుకంతా కొనుక్కోవచ్చన్న సంగతి జిల్లాలో చాలామందికి అక్కడే మొదటిసారి తెలిసింది. శ్రీకూర్మం దర్శనానికి బండ్లు కట్టుకుని వెళ్ళిన కుటుంబాలు చుట్టుదారైనా సరే ఈదులపేట మీదుగా తిరిగి వచ్చేవి. బేరాలాడకుండా ఒకటే ధర చెప్పడం మాత్రం మొదట్లో జనానికి అవమానంగా తోచింది. ధర చెప్పి ఊరుకుంటాడేమిటి, మనతో మాట్లాడ్డం ఇష్టం లేదా అనుకునేవారు.

పైన కట్టడం లేచినా కింద నేల పాతదే. మొదటి వేసవిలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, దర్జీ బంగారురాజు రెండో కుట్టుమిషను అద్దెకు తెచ్చుకుంటే పెట్టడానికి చోటు చాలలేదు. పక్కన గాజుల కొట్టు సూరయ్య అతని అవస్థ చూసి, 'ఎట్టుకో రా, నాను జరుగుతాన్లే' అన్నాడు. సంతలో అలవాటైన మాట, అలవోకగా వచ్చేసింది. మర్నాడు తలుపు తీసేసరికి నడిమి గోడ జానెడు మేర సూరయ్య వైపు జరిగి ఉంది. పెళ్ళిళ్ళు అయిపోయి మిషను తిరిగి పంపేశాక గోడ మళ్ళీ తన చోటికి వచ్చింది. సూరయ్యకు ఫిర్యాదంటూ ఉంటే అది గోడ కదిలినప్పుడు మేకులు ఊడి ఒరిగిన గాజుల అలమర గురించే. వడ్రంగి అసిరయ్య అప్పటినుంచి బజారులో అలమరలను గోడకు మేకులతో బిగించడం మానేసి, కింద కాళ్ళు అమర్చడం మొదలుపెట్టాడు. ఆ పనితనం ఈనాటికీ అక్కడ కనిపిస్తుంది.

బజారు లేచిన పక్కన పూర్వం కూర్చునేవాళ్ళు రోడ్డు వారకు చేరారు. కుండలకు ఎండావానల బెంగ లేదు, చాపలను చుట్టి పెట్టుకోవచ్చు. ఎండుచేపలు అమ్మే దాలమ్మకు మాత్రం కప్పు లేనిదే బతుకు లేదు. 1968 అక్టోబరులో ముసురు పట్టింది. వరసగా రెండు సంతల సరుకు తడిసి పురుగుపడితే గోతిలో పారబోసింది. తాటిచెట్టు మీంచి పడిన దగ్గర్నుంచి ఆమె మొగుడు కూర్మయ్యకు ఒక కాలు స్వాధీనంలో లేదు. ఇంటిల్లిపాదికీ ఆ బుట్టే ఆధారం. ఖరగ్‌పూరులో రైల్వే కూలీగా ఉన్న ఆమె తమ్ముడు, అక్కడికి వచ్చేస్తే బొగ్గు ఏరుకునైనా బతకవచ్చునని కబురు పెట్టాడు. కూర్మయ్య సామాను మూటలు కట్టసాగాడు. ఇంకొక్క సంత తడిస్తే ప్రయాణమే.

ఆ తరువాతి శనివారం దాలమ్మ రోడ్డు వారకు పోలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి బజారు వరండా ముందు, వానలో, నిలబడింది.

పడమటి చివర మొదటి కొట్టు ఉమాపతి గారిది. ఆయన లేచి వచ్చి, కోపం లేకుండానే, ఇక్కడ కుదరదని చెప్పారు. రంగూను బజారులోనూ చేపలకు వేరే కొట్టం ఉండేదన్నారు. పట్నం నుంచి మంచి బట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని వెళ్ళిపోతే ఈ పదకొండు కుటుంబాలకు ఏ దారి చూపించాలో చెప్పమన్నారు. ఆయన భయం నిజమైనదే. బజారు నిలదొక్కుకుని అప్పటికి ఏడాదే అయింది.

దాలమ్మ బుట్ట దించకుండానే జవాబు చెప్పింది.

"సబ్బుకి వాసనుంటాది, కిరసనాయిలుకి వాసనుంటాది, ఆ దర్జీ బాబు కాల్సే సుట్టకీ వాసనుంటాది సావుకారూ. సేపకి ఉంటేనే తప్పయిపోనాదేటి?"

బంగారురాజు చుట్టను మిషను కిందకు దాచుకున్నాడు. వరండాలో నవ్వులు వినిపించాయి. ఉమాపతి గారు నవ్వలేదు.

తూర్పు చివర పదకొండో కొట్టు మహాలక్ష్మమ్మది. మొగుడు పోయాక బట్టల వ్యాపారం ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. చీరకు ఇంత వాసన పట్టిందంటే అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆవిడే. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, వరసనంతటినీ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకసారి కలయజూసింది.

"దించు," అంది.

మళ్ళీ వారానికి బజారు తూర్పు కొసన, మహాలక్ష్మమ్మ కొట్టుకు ఆవల, ఒక ఖాళీ గది ఏర్పడి ఉంది. గోడలకు సున్నం పాతదే. చూడటానికి వచ్చినవాళ్ళు ముందు తమ అలమరలు సర్దుకుని, ఆ తరువాత వచ్చి చూశారు. బంగారురాజు మెడలోని టేపు తీసి వెడల్పు కొలిచాడు. సరిగ్గా నూరు అంగుళాలు, అంటే ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు. అతను అక్కడితో ఆగక తన కొట్టూ, సూరయ్య కొట్టూ కూడా కొలిచాడు. రెండూ చెరి పది అంగుళాలు తగ్గాయి. పదిమంది తలా పది అంగుళాలు జరిగితే నూరు. పదకొండో మనిషి జరగలేదన్నమాట. ఎవరూ పేరు ఎత్తలేదు కాని, అందరి చూపూ ఒకసారి పడమటి కొసకు వెళ్ళి వచ్చింది.

ఆ పది అంగుళాలే ప్రాణం మీదకు తెచ్చాయి. తొమ్మిది అడుగుల వెడల్పు లేనిదే కొట్టుకు లైసెన్సు ఇవ్వరాదని నిబంధన. కొలతలు చూసే ఉద్యోగి వచ్చే శనివారం వస్తున్నట్టు తెలిసింది. అప్పటికి గది తొమ్మిది అడుగులు లేకపోతే తాళం వేస్తారు. దాలమ్మకు వరండా కూడా మిగలదు. ఉమాపతి గారు రాజ్యాంగం లాంటి మనిషి. కొలత సరిపోతే తాను అడ్డు చెప్పనని, సరిపోకపోతే సిఫారసు చెయ్యనని ముందే అందరితో అన్నారు.

గురువారం మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక మహాలక్ష్మమ్మ ఆయన కొట్టుకు వెళ్ళింది. ఆ సంభాషణ పక్క కొట్టులోని కాఫీ హోటలు బల్ల మీద కూర్చున్నవాళ్ళందరికీ వినబడింది. ఈ ఒక్క విషయంలో మాత్రం కథనాలన్నీ ఒక్కమాట మీదే ఉన్నాయి.

"అన్నయ్యగారూ, మిమ్మల్ని అడగడానికి రాలేదు. దించమన్నది నేను. మీ వాటా కూడా నేనే జరుగుతాను, ఆ మాట చెప్పడానికి వచ్చాను."

"ఇప్పటికే పది జరిగావు. ఇంకో పది జరిగితే నీ కొట్టు తొమ్మిదికి లోపల పడుతుంది. పోయేది నీ లైసెన్సు."

"పోతే వరండాలో ఇద్దరం కూర్చుంటాం. ఆవిడ చేపలు నా చీరల మీద ఆరబెట్టుకుంటుంది."

"హాస్యానికి చెప్పడం లేదమ్మా."

"నేను మాత్రం హాస్యానికి వచ్చానా?"

మహాలక్ష్మమ్మ జవాబు కోసం ఆగలేదు. వెళ్తూ వెళ్తూ నీళ్ళ కుండలో నీళ్ళు అడుగంటాయని చెప్పి వెళ్ళింది. ఆయన లేచి, మనిషిని పిలవకుండా, తానే నీళ్ళు తెచ్చి నింపారట.

నవంబరు తొమ్మిది, శనివారం. వాన ఆగలేదు. దాలమ్మ పొద్దున్నే వచ్చింది. గది తలుపు తెరిచే ఉన్నా లోపలికి వెళ్ళలేదు, నెత్తి మీది బుట్ట దించలేదు. మహాలక్ష్మమ్మ లోపలికి రమ్మని కేకేస్తే, "కొలత తేలనియ్యండమ్మా. దించినాక ఎత్తుకోడం నా వల్ల కాదు," అంది. అక్కడ ఇంటి దగ్గర కూర్మయ్య కట్టిన మూటల పక్కన వీధి అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం రైలుకు ఆమదాలవలస స్టేషనుకు బండి కూడా మాట్లాడుకున్నాడు.

ఉద్యోగి పదింటికి వచ్చాడు. ఈ గోడ మొదట్లో టేపు కొస పట్టుకోమని బంగారురాజుకు ఇచ్చి, తాను ఆ గోడ దాకా నడిచాడు. నడిచి, వంగి, కళ్ళజోడు సర్దుకున్నాడు. మరొకసారి కొలిచాడు.

"తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు," అన్నాడు.

బంగారురాజు టేపు వదలకుండా అలాగే నిలబడిపోయాడు. ఎవరో ఒకరు వెళ్ళి బండివాణ్ణి వెనక్కు పంపారు. దాలమ్మ అప్పుడు బుట్ట దించి, నెత్తి మీది గుడ్డచుట్టను పిండి గుమ్మం మీద ఆరవేసింది. చేపలను జాతులవారీగా పరుస్తూ, ఎదురుగా తడిసి నిలబడిన మొదటి గిరాకీ ధర అడిగితే, బజారు పద్ధతి ప్రకారం ఒకటే ధర చెప్పి మళ్ళీ మాట్లాడలేదు. ఆ రోజు సాయంత్రం కూర్మయ్య మూటలు విప్పాడు.

చేపల వాసనకు బజారు మునగలేదు. చేపలకని నెత్తిన గుడ్డ కప్పుకుని వచ్చిన ఆడవాళ్ళు పక్క కొట్టులో చీరలు చూడటం మొదలుపెట్టారు. మహాలక్ష్మమ్మ అలమరలలో వట్టివేళ్ళు పెట్టింది. పెద్ద బజారు వర్తకులు ఒక్కొక్కరే వచ్చి, వరండాలో కూర్చుని, కప్పు ఎత్తు ఎంతని అడిగి వెళ్ళేవారు. దాలమ్మ ఆ కొట్టు ఇరవై మూడేళ్ళు నడిపింది. ఖరగ్‌పూరు చూడనేలేదు.

తక్కువపడిన పది అంగుళాలు ఎవరివన్నదే మిగిలిన ప్రశ్న. ఎవరైనా పొగిడితే మహాలక్ష్మమ్మ కాదనలేదు, ఔననలేదు, ధర చెప్పి చీర మడత విప్పి చూపించేది. ఎవరైనా నిష్ఠూరమాడితే ఉమాపతి గారూ అంతే. ఆయన కొట్టులో నెయ్యి డబ్బాలు గోడ కనిపించకుండా పేర్చి ఉండేవి కనుక అక్కడ తేడా కంటికి ఆనదు. రెండో కథనమే నిజమైతే మహాలక్ష్మమ్మ కొట్టు ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలకు తగ్గి ఉండాలి, ఉమాపతి గారిది పది అడుగులకు పది అడుగులూ ఉండాలి. మొదటి కథనమే నిజమైతే బజారు పొడవు పెరిగి ఉండాలి.

1969 ఫిబ్రవరి 17, సోమవారం నాడు పన్ను మదింపు కోసం బజారు మొత్తాన్ని కొలిచారు. ఈ కొస గోడ నుంచి ఆ కొస గోడ దాకా నూట పది అడుగులు. మహాలక్ష్మమ్మ కొట్టు తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు. ఉమాపతి గారి కొట్టు తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు.